నాలుగు బ్యాంకుల లెక్కలు ఒక వ్యవస్థలోకి

ప్రశ్న: 2025 మే 1న మన రాష్ట్రంలోని నాలుగు గ్రామీణ బ్యాంకులు కలిసి ఆంధ్రప్రదేశ్ గ్రామీణ బ్యాంకుగా ఏర్పడ్డాయి. నాలుగింటిలోనూ అప్పటికే కంప్యూటర్లు ఉన్నప్పుడు, బోర్డులు మార్చినంత సులువుగా లెక్కలు కలపడం ఎందుకు కుదరదు? ఖాతాదారులు గమనించవలసినవి ఏమిటి?
– ఒక పాఠకుడు, చిత్తూరు జిల్లా

జవాబు: ఆ నాలుగు బ్యాంకులకూ స్పాన్సర్ బ్యాంకులు వేరువేరు. సప్తగిరికి ఇండియన్ బ్యాంకు, ప్రగతికి కెనరా, చైతన్య గోదావరికి యూనియన్ బ్యాంకు, వికాస్‌కు స్టేట్ బ్యాంకు అండగా ఉండేవి. అందువల్ల ఖాతా నంబరులోని అంకెలు మొదలుకొని బంగారు రుణం మీద వడ్డీ లెక్కకట్టే తీరు వరకు ఒక్కొక్కచోట ఒక్కొక్క పద్ధతి ఉండేది. ఒకే రైతుకు రెండు బ్యాంకుల్లో ఖాతాలుండి, ఒకచోట ఇంటిపేరు ముందు, మరొకచోట చివర నమోదై ఉంటే, ఆ ఇద్దరూ ఒక్కరేనని యంత్రం తనంతట తాను పోల్చుకోలేదు. ఈ వివరాలను సరిచేయడానికి పట్టే శ్రమ కొత్త సాఫ్ట్‌వేర్ కొనడానికి పట్టదు.

అంతకన్నా చిక్కైనది ఇంకొకటి ఉంది. ఏటీఎం, యూపీఐ, ఆధార్ చెల్లింపులు, ఎస్ఎంఎస్‌లు వేటికవి విడి వ్యవస్థలు. అవన్నీ కోర్ బ్యాంకింగ్‌తో, అంటే ఖాతాల లెక్కలన్నీ నడిపే ప్రధాన వ్యవస్థతో, క్షణక్షణం మాట్లాడుకోవాలి. బ్రిటన్‌లో టీఎస్‌బీ బ్యాంకు 2018 ఏప్రిల్‌లో తన ఖాతాలను కొత్త వ్యవస్థకు మార్చినప్పుడు ఖాతాల సమాచారం సక్రమంగానే చేరింది, కాని దాని చుట్టూ ఉన్న సేవలు తడబడి లక్షలాది మంది ఇబ్బంది పడ్డారు. 2022 డిసెంబరులో నియంత్రణ సంస్థలు ఆ బ్యాంకుకు 4.86 కోట్ల పౌండ్లకు పైగా జరిమానా విధించాయి. నా దృష్టిలో, ఈ అనుసంధానాన్ని ఖాతాదారులందరూ ఒకేసారి వాడినంత పూర్తి భారంతో పదేపదే పరీక్షించకుండా తేదీ ప్రకటించడం ఖాతాదారులకు చేసే అన్యాయం.

ఇక మీరు చేయవలసినది: మార్పుకు ముందు పాస్‌బుక్‌లో ముద్రించిన నిల్వను, తరువాత వచ్చే కొత్త స్టేట్‌మెంటుతో సరిచూసుకోండి. మీ శాఖను గుర్తించే ఐఎఫ్ఎస్‌సీ కోడ్ మారితే మీకు డబ్బు పంపేవారికి తెలియజేయండి. రుణ వాయిదాల ఆటోమేటిక్ చెల్లింపులు కొనసాగుతున్నాయో లేదో శాఖలో అడగండి. ప్రభుత్వ పథకాల సొమ్ము ఆధార్‌తో జతపడిన బ్యాంకుకే చేరుతుంది కనుక, ఆ అనుసంధానం చెక్కుచెదరకుండా ఉందో లేదో మరవకుండా కనుక్కోండి.