గడప దాటని మూడు వారాలు: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: మాది పర్లాకిమిడి. మూడు కాపురాలు కలిసి ఒకే పెంకుటింట్లో పద్దెనిమిది మందిమి. ఎండలు ముదరకముందే ఇద్దరు పిల్లలకు ఆటలమ్మ పోసింది. అందరం గడప దాటకుండా ఉన్నాం. నాలుగు రోజులకే మిగతా పిల్లలు కొట్టుకుంటున్నారు. ఇంకా ఎన్నాళ్లు? వీళ్లను ఎలా ఆడించాలి?

జవాబు: ముందు రోజుల లెక్క చూడండి. పొక్కులు కనిపించడానికి ఒకటి రెండు రోజుల ముందే ఇది అంటడం మొదలవుతుంది. పొక్కులన్నీ ఎండి పెచ్చు కట్టేదాకా అంటుతూనే ఉంటుంది. దానికి సుమారు వారం పడుతుంది. అయితే వాళ్లతో కలిసి తిరిగిన పిల్లలకు 10 నుంచి 21 రోజుల్లో ఎప్పుడైనా పోయవచ్చు. ఉమ్మడి ఇళ్లలో మొదటివాళ్లకు తగ్గాక రెండో విడత మొదలయ్యేది ఇందుకే. కనుక మూడు వారాలకు సరిపడా ఏర్పాటు చేసుకోండి. ఇంతకుముందు ఆటలమ్మ పోయని, టీకా పడని గర్భిణి ఇంట్లో ఉంటే ఆటలమ్మ పోసిన పిల్లలున్న గది వైపు రానివ్వకండి, వెంటనే డాక్టరుకు చెప్పండి. జ్వరానికని పిల్లలకు ఆస్పిరిన్ ఇవ్వకూడదు.

ఇక తగువుల సంగతి. రోజుకు ఒక ఆట పెట్టండి, దానితోపాటు ఆ రోజుతో పూర్తికాని పని ఒకటి చేతికివ్వండి. ఆట అయిపోగానే ఓడినవాడు అలుగుతాడు. సగంలో ఉన్న పని ఉంటే మర్నాడు పొద్దున్నే లేచి దాని దగ్గరికే వెళ్తాడు. అలాంటి పని ఒకటి కింద గంజపా (గుడ్డతో చేసే గుండ్రటి పేకముక్కలు) జవాబులో చెప్పాం.

గదిలో ఉన్న ఇద్దరికీ పులి-మేక పటం గీసి ఇవ్వండి. 23 కూడళ్లు, 3 పులులు, 15 మేకలు, ఆడేది ఇద్దరే కాబట్టి వాళ్లకు సరిగ్గా సరిపోతుంది. మేకలను ముందు అంచుల్లో పెట్టాలని చెప్పండి. నడిమధ్యన ఒంటరిగా పెట్టిన మేకను పులి దాటేస్తుంది. ఆ పిక్కలు, ఆ పటం ఆ గదిలోనే ఉండాలి, బయటి ఆటల్లో కలపకండి.

మిగిలిన పదహారు మందికీ అష్టాచెమ్మా ఒక్కటి చాలు. నాలుగు వైపులు, వైపుకు నాలుగు కాయలు, కాయకు ఒక మనిషి. పిక్కలు వంతులవారీగా వేస్తారు, ఏ కాయ నడపాలో ఆ వైపు నలుగురూ మాట్లాడుకుని తేల్చుకుంటారు. ప్రతి వైపూ ఒక ముసలివాళ్లు, ఒక చిన్నపిల్ల ఉండేలా పంచండి. పిల్లలందరూ ఒకవైపు చేరితే ఆట సాగదు.

ప్రశ్న: చింతపిక్కలు అరగదీసి అష్టాచెమ్మా ఆడుతున్నాం. అరగంటైనా కొందరి కాయ లోపలికే రాదు. పిల్లలు విసిగి లేచిపోతున్నారు. (బరంపురం)

జవాబు: తప్పు కొంత పిక్కలది, కొంత నియమానిది. నాలుగు పిక్కలూ ఒకే సైజువి ఏరండి. గరుకు బండ మీద ఒకవైపు తెల్లటి పప్పు నిండుగా కనిపించేదాకా, అంటే సుమారు సగం మందం దాకా అరగదీయండి. అంతకన్నా ఎక్కువ అరిగితే పిక్క రేకులా పలచబడి ఎప్పుడూ ఒకే వైపు పడుతుంది. తడి పిక్కను అరగదీస్తే పెచ్చులు లేస్తాయి, ఎండుదే తీసుకోండి. తర్వాత ఒక్కో పిక్కనూ ఇరవైసార్లు విసిరి చూడండి. పదిహేనుసార్లకు మించి ఒకే రంగు పడితే దాన్ని పారేయడమే మేలు.

ఇప్పుడు నియమం. పిక్కలు సరిగా ఉంటే నాలుగూ కలిసి పడే తీరులు 16. అన్నీ తెలుపైతే చెమ్మా, అన్నీ నలుపైతే అష్టా. చెమ్మా ఒక తీరు, అష్టా ఒక తీరు. ఈ రెండింటికే కాయ దిగాలని పట్టుబడితే ఎనిమిది విసురుల్లో ఒక్కసారే అవకాశం. నాలుగు వైపులు ఆడుతుంటే ఒకరి వంతు తిరిగొచ్చేసరికే చాలాసేపవుతుంది, విసుగు పుట్టక ఏమవుతుంది? ఒకటి పడినా కాయ దిగవచ్చని కలపండి. ఒక్క తెలుపు పడే తీరులు నాలుగు కనుక మొత్తం 16లో 6 అవుతుంది. వేగం ఇట్టే తెలుస్తుంది. చంపితేనే లోపలి గళ్లలోకి పోవాలన్న పాత నియమం మాత్రం తీసేయకండి, ఆట రుచి అందులోనే ఉంది. వైపుకు ఒక్క చంపుడు సరిపోతుంది.

పటంలో బయటి వరుస 16 గళ్లు, లోపలి వరుస 8, నడుమ పండే గడి ఒకటి. సుద్దముక్కతో గీస్తే కాళ్ల కింద చెరిగిపోతుంది. బియ్యప్పిండి తడిపి గీస్తే కొన్ని రోజులుంటుంది. పిక్కలు మంచాల కిందికి దొర్లకుండా చేటలో విసరండి.

ప్రశ్న: మా కోడళ్లు ఒడియావాళ్లు. పిల్లలు ఒడియా బడిలో చదువుతారు, అత్తగారికి తెలుగే వచ్చు. అందరూ కలిసే మాటల ఆట ఉందా? (రాయగడ)

జవాబు: మాటల గొలుసు ఆడండి. రెండు భాషల్లోనూ చాలా మాటలు అచ్చుతోనే ముగుస్తాయి కాబట్టి చివరి అక్షరం పట్టుకోవడం సులువు. అయితే తెలుగు మాటలు ఎక్కువగా ఉకారంతో ఆగుతాయి. ‘డు’తోనో ‘ళ్లు’తోనో మాట వెతకమంటే ఆట అక్కడే ఆగిపోతుంది. అందుకని గుణింతం వదిలేసి హల్లు మాత్రం పట్టుకోండి. ణ, ళ రెండు భాషల్లోనూ మాట మొదట రావు, ణను నగా, ళను లగా లెక్కపెట్టండి. ఉదాహరణకు తెలుగు ‘ఇల్లు’, దానికి ఒడియా ‘లుణ’ (ఉప్పు), దానికి తెలుగు ‘నక్క’, దానికి ఒడియా ‘కదళి’ (అరటి), దానికి తెలుగు ‘లక్క’. ఒక మాట తెలుగు, ఒక మాట ఒడియా, తప్పక మార్చి మార్చి. అర్థం ఎవరు అడిగినా చెప్పాలి. అత్తగారికి ఒడియా, పిల్లలకు తెలుగు అలవాటయ్యేది ఆ అర్థం చెప్పే చోటే.

ప్రశ్న: ఇంట్లో గంజపా ముక్కలు చేశాం. అన్నీ దొప్పల్లా వంకర తిరిగాయి. (ఛత్రపురం)

జవాబు: ఎండలో పెట్టి ఉంటారు, లేదా ఒకవైపే పూసి ఉంటారు. పూసిన వైపు ఎండుతూ ముడుచుకుని ముక్కను తనవైపు లాగుతుంది. రెండు వైపులా ఒకే మందాన పూసి నీడలో ఆరబెట్టాలి. కాస్త తడి ఉండగానే పీటల మధ్య పెట్టి పైన బరువు పెట్టండి.

ఎనిమిది రంగుల గంజపాకు రంగుకు 12 చొప్పున 96 ముక్కలు: ఒకటి నుంచి పది, మంత్రి, రాజు. రెండున్నర అంగుళాల గుండ్రాలకు మూడంగుళాల గళ్లు వేసుకుంటే రెండడుగుల వెడల్పు, మూడడుగుల పొడవు గుడ్డ పడుతుంది. అలాంటివి రెండు, పాత నూలు పంచెవి. కొత్త గుడ్డైతే గంజి పోయేదాకా ఉతకండి.

బంకకు చింతపిక్కలు రెండు మూడు రోజులు నానబెట్టి, రోజూ నీళ్లు మార్చి, పైతొక్క తీసి మెత్తగా రుబ్బండి. గిన్నెడు ముద్దకు ఆరు గిన్నెల నీళ్లు, సన్నసెగ, గరిటె ఆపకుండా తిప్పడం. గరిటెకు పట్టి నిలిస్తే దించండి. ఆపితే ఉండ కడుతుంది, ఆ ఉండలే తర్వాత ముక్క మీద బొడిపెలవుతాయి. ఈ బంక రెండో రోజుకే పులుస్తుంది కనుక ఏ రోజుది ఆ రోజే కాచుకోండి. పురుగు పట్టకుండా నీళ్లకు బదులు వేపాకు కాచిన నీళ్లు పోయవచ్చు. మైలుతుత్తం విషం, పిల్లలు ముట్టే ముక్కల్లో వద్దు.

మొదటి రోజు రెండు గుడ్డలూ అతికించండి. ఆరాక సుద్దపొడి అదే బంకలో కలిపి రెండు వైపులా రెండు పూతలు వేసి, నున్నటి రాయితో రుద్దండి. నున్నదనం రాకుండా రంగు వేస్తే ఊరిపోతుంది. గుండ్రాలు కోయడం పెద్దల పని, చుక్కలు పెట్టడం చిన్నవాళ్లది, రాజు మంత్రి బొమ్మలు చేయి తిరిగినవాళ్లవి. దీపపు మసి నలుపు, కావి ఎరుపు, పసుపు పచ్చన. పసుపులో చిటికెడు సున్నం కలిస్తే ఎర్రబడుతుంది, పిల్లలకది చూపించండి. పసుపు ఎండకు వెలిసిపోతుంది కనుక పూర్తయిన ముక్కలు పెట్టెలో దాచండి. తీరిగ్గా చేస్తే పది పన్నెండు రోజుల పని.