చెల్లని కాలమ్ పేర్లు: శుభ్రపరచాలా, బాగుచేయాలా?

సందేహం: గురువుగారూ నమస్కారమండి. మాది భీమవరం దగ్గర పల్లె. ధాన్యం లెక్కల టేబుల్ తెలుగులోనే పెట్టుకుని పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాష‌లో నడుపుతున్నా. కొన్ని కాలమ్ పేర్లు చెల్లకపోతే కోడ్‌తో సరిచేశా. ఆ పని గురించి మావాళ్ళకి రాయబోతే "చెల్లుబాటు కాని నిలువు వరుస శీర్షికలను శుభ్రపరచుట" అని వచ్చింది, చదివితే నాకే అదోలా ఉంది. సరైన మాట ఏదండి? ఇంకోటి, కోడ్ నడిపాక "ధాన్యం" కాస్తా "ధ_న_య_" అయిపోయింది. తెలుగు పేర్లు పనికిరావా?

సమాధానం: పనికొస్తాయమ్మా, ఎందుకు రావు. ముందు మాట సంగతి చూద్దాం. "చెల్లని" అంటే చాలు, చెల్లని నోటు, చెల్లని ఓటు అంటున్నాం కదా. తప్పు పేరు అని మాత్రం అనొద్దు. మీ టేబుల్‌లో "7029" అని కాలమ్ ఉందనుకోండి, అందులో తప్పేముంది, మారుటేరులో పుట్టి 1982లో విడుదలైన స్వర్ణ వరి రకం నంబరే అది, కాకపోతే అంకెతో మొదలైన పేరు పైథాన్ దగ్గర వేరియబుల్ (విలువ దాచుకునే) పేరుగా చెల్లదు, అంతే. కాలమ్‌ని కాలమ్ అనే రాయండి, అందరికీ తెలిసిన మాటే.

ఇక క్లీన్ చేయడానికి మాట మన వంటింట్లోనే ఉందండి, బాగుచేయడం. బియ్యం బాగుచేస్తాం, గోంగూర బాగుచేస్తాం. మా అమ్మ చేట ఒళ్ళో పెట్టుకుని రాళ్ళూ వడ్లగింజలూ ఏరి పడేసేది కానీ నూకని కూడా పోనిచ్చేది కాదు. మీ కోడ్ పోనిచ్చింది.

ఎలాగంటే "ధాన్యం" కంప్యూటర్‌కి ఆరు ముక్కలు, ధ, దీర్ఘం, న, పొల్లు, య, సున్న. పైథాన్‌తో వచ్చే, రాతలో వెతికి మార్చే రీ (re) మాడ్యూల్‌లో బ్యాక్‌స్లాష్ చిన్న డబ్ల్యూ (\w) అంటే అక్షరాలు, అంకెలు, కింది గీత మాత్రమే. మన గుణింతాలు, పొల్లు, సున్న, అన్ని భాషల అక్షరాలకీ నంబర్లిచ్చే యూనికోడ్‌లో అక్షరాల కింద కాకుండా విడిగా గుర్తుల కింద ఉన్నాయి, అందుకని పెద్ద డబ్ల్యూ (\W) పెట్టి అవి కానివన్నీ తీసేసి కింది గీత పెట్టమంటే అవన్నీ రాళ్ళలాగా పోయాయి. నిజానికి పైథాన్ 3లో "ధాన్యం" వేరియబుల్ పేరుగా కూడా చక్కగా చెల్లుతుంది. కాబట్టి ఉంచాల్సినవాటి లిస్టులో తెలుగు బ్లాకు మొత్తం, అంటే 0సీ00 నుంచి 0సీ7ఎఫ్ దాకా, కలపండి. దీర్ఘం పోతే అది మాటే కాదమ్మా, అందుకే ఇంతగా చెప్తున్నా.

నిజమైన రాయి ఒకటి కంటికి కనపడదు. "మిల్‌" అని టైప్ చేస్తే పొల్లు తర్వాత కొన్ని కీబోర్డులు వెడల్పు లేని గుర్తు ఒకటి పెడతాయి, యూనికోడ్ నంబరు 200సీ, అది ఉంటే పేరు చెల్లదు. పేరు చివరుంటే తీసేయండి, మధ్యలో ఉంటే మాత్రం కింది గీత పెట్టండి, ఊరికే తీసేస్తే "రైస్‌మిల్లు" వెళ్ళి "రైస్మిల్లు" అవుతుంది.

అంకెతో మొదలైనవాటికి ఆర్ అనే ఇంకో ప్రోగ్రామింగ్ భాషలో అయితే ముందు ఎక్స్ తగిలిస్తారు, నాకది నచ్చదు, శుభ్రంగా "స్వర్ణ_7029" అని రాసుకోండి. "బస్తాలు (75 కేజీలు)" ఉంటే బ్రాకెట్లూ ఖాళీలూ ఏరేసి "బస్తాలు_75_కేజీలు" చేయండి. మీ వాక్యం "చెల్లని కాలమ్ పేర్లని కోడ్‌తో బాగుచేయడం" అని మార్చండి. అన్నట్టు బాగుచేశాక రెండు కాలమ్‌లకి ఒకటే పేరు వచ్చిందేమో ఓసారి చూసుకోండి.