సగం బొమ్మలు ఫోన్ చూసి వేసినవే, స్కూలు ప్రదర్శనలో పెట్టొచ్చా?

పెట్టొచ్చండి. తీసేయకండి. కాకపోతే వాటితో పాటు పిల్లల దగ్గర ఇంకొకటి అడిగి తీసుకోండి.

మీరు విజయవాడలో ఒక హైస్కూల్లో సైన్స్ చెబుతారు, డ్రాయింగ్ టీచర్ లేరు కాబట్టి బొమ్మల ప్రదర్శన మీ నెత్తిన పడింది. 8, 9, 10 తరగతుల పిల్లలు తెచ్చిన షీట్లలో సగం ఫోన్ చూసి దించినవి. పక్కన పెడితే గోడలు బోసిపోతాయి, పెడితే మీకు మనసొప్పడం లేదు. నేను గుంటూరులో 22 ఏళ్లు డ్రాయింగ్ టీచర్‌గా చేశాను. ఈ తలనొప్పి నాకు ఏటా ఉండేదే.

మీ బల్ల మీద ఏమేం ఉన్నాయో చూడకుండానే చెప్పగలను. కన్నీటి చుక్కతో ఒక పెద్ద కన్ను. జుట్టు విరబోసుకుని అటు తిరిగి నిలబడ్డ అమ్మాయి. జపాన్ కార్టూన్ హీరో నరుటో బొమ్మలు నాలుగైదు. ఎవరో హీరో మొహం, గడ్డంలో ఒక్క వెంట్రుక కూడా వదలకుండా. రెండు అరచేతుల్లో మొక్క. నోట్లో థర్మామీటర్ పెట్టుకుని ఏడుస్తున్న భూగోళం. నేను ఉద్యోగంలో చేరిన ఏడాది నుంచీ ఆ భూగోళం ఏడుస్తూనే ఉంది, ముఖ్య అతిథి ఎవరొచ్చినా ఫస్ట్ ప్రైజ్ దానికే ఇచ్చి వెళ్తారు.

ఐదో తరగతి వాడికి కాగితం ఇస్తే రెండు కొండలు, మధ్యలో సూర్యుడు, ఇల్లు, కొబ్బరిచెట్టు వేసేసి దర్జాగా తెచ్చిస్తాడు. ఎనిమిదికి వచ్చేసరికి చూపు ఎదుగుతుంది, చెయ్యి ఇంకా అక్కడే ఉంటుంది. తను వేసిన ముక్కు ముక్కులా లేదని వాడికే తెలిసిపోతుంది. పక్క బెంచీ వాడు నవ్వుతాడు. చాలామంది బొమ్మలు వేయడం మానేసేది ఈ వయసులోనే. మానడం ఇష్టం లేనివాళ్లు ఫోన్ పట్టుకుంటారు, ఎందుకంటే అక్కడున్న ముక్కు బాగుందని అందరూ ముందే ఒప్పుకున్నారు కదా. ఈ పిల్లల్ని దొంగల్ని చూసినట్టు చూడకండి.

పైగా కాపీలన్నీ ఒకటి కావు. కార్బన్ పేపర్ పెట్టి గీతలు దించడం వేరు, గళ్లు గీసుకుని చిన్న ఫొటోని పెద్ద షీటు మీదకి తేవడం వేరు. గళ్ల పద్ధతిలో కొలత, ఓపిక రెండూ కావాలి. ఫ్లెక్సీలు రాకముందు సినిమా బ్యానర్లు వేసినవాళ్లు కూడా గళ్లు గీసుకునే వేసేవారు. షీటుని ఏటవాలుగా వెలుతురుకి పెట్టి చూడండి, చెరిపేసిన గళ్ల గీతలు కనిపిస్తాయి. అవి కనిపిస్తే ఆ పిల్ల కష్టపడినట్టే లెక్క.

నేను పెట్టిన షరతు ఏంటంటే, ఫోన్ చూసి వేసింది తీసుకుంటాను, దాని పక్కన ఎదురుగా ఉన్న వస్తువుని చూసి వేసింది ఒకటి ఉండాలి. ఇంట్లోదే అయ్యుండాలి, కదలకూడదు. పదో తరగతి అమ్మాయి ఒకతి హీరో మొహం తెచ్చింది. రెండో బొమ్మ ఏం వేయాలో తెలియక రెండు రోజులు గునిసి, చివరికి వాళ్ల మిక్సీ వేసింది. వైరు చుట్టి రబ్బరు బ్యాండు పెట్టి ఉంది. జార్ లోపల పసుపు మరక. మూత అంచు ఒకచోట విరిగింది, ఆ విరిగిన అంచుని హీరో గడ్డం కంటే శ్రద్ధగా వేసింది. కింద కార్డు మీద తనే రాసుకుంది: ‘మా మిక్సీ. మూడు మీద పెడితే ఆగిపోతుంది.’ ప్రదర్శన రోజు హీరో దగ్గర ఒక్కరూ నిలబడలేదు. మిక్సీ దగ్గర మాత్రం తల్లులందరూ ఆగి, మా దానికీ అదే రోగం అని కబుర్లలో పడ్డారు.

ఆ కార్డులు పిల్లల చేతే రాయించండి. పేరు, తరగతి, ఏ రంగులతో వేశారు, ఒక్క వాక్యం, అంతే. తెలుగు మాస్టారికి ఇస్తే అచ్చుతప్పులు దిద్దమనండి, వాక్యం జోలికి వెళ్లొద్దనండి. మా స్కూల్లో ఒకసారి అన్ని కార్డులూ ‘ప్రకృతిని కాపాడుదాం’ అయిపోయాయి.

ఇంకోటి, తప్పులా కనిపించే బొమ్మని తొందరపడి తీసేయకండి. ఒక అమ్మాయి సైకిల్ తొక్కుతున్న తమ్ముణ్ని వేసి, జానెడు దూరంలో అదే తమ్ముడు కిందపడి ఏడుస్తున్నట్టు వేసింది. అదే చొక్కా, అదే సైకిల్. ‘కవలలా?’ అని స్టాఫ్ రూమ్‌లో ఒకటే నవ్వులు. నేను అమరావతి శిల్పం ఫొటో తెచ్చి చూపించాను. నాలగిరి అనే మదపుటేనుగు కథ అది, దాదాపు 1,800 ఏళ్ల కిందటిది, ఇప్పుడు చెన్నై మ్యూజియంలో ఉంది. ఒకే గుండ్రటి పలకలో ఒకపక్క ఏనుగు జనాన్ని తొక్కేస్తుంటుంది, మరోపక్క అదే ఏనుగు బుద్ధుడి ముందు మోకరిల్లి ఉంటుంది. ఆ ఏనుగుని చూసి కవలలా అని ఎవరూ అడగరు. సైకిల్ బొమ్మ పక్కనే ఆ ఫొటో కూడా తగిలించాం.

ఇంత చెబుతున్నాను కానీ నేను చేసిన నిర్వాకం కూడా చెప్పాలి. అది నా రెండో ప్రదర్శనో మూడోదో. తొమ్మిదో తరగతి అబ్బాయి వాళ్లమ్మ చేతులు వేసుకొచ్చాడు. ఆవిడ మిర్చి తొడిమలు తీసే పనికి వెళ్తుందని నాకు తెలుసు. షీటు మీద ఒక పెద్ద వలయం, అందులో రెండు చేతులు, వేళ్లు లావుగా, మణికట్టుకి పొంతన లేకుండా అరచేతులు మరీ పెద్దవైపోయి. కొలత తప్పిందనుకున్నాను. సాయంత్రం కూర్చుని, రబ్బరుతో చెరిపి, చేతులు చిన్నవి చేసి, 6బి పెన్సిల్‌తో షేడింగ్ ఇచ్చాను. ఆ వలయం గంప అనుకుని అందులో ఎర్రగా మిరపకాయలు కూడా నింపాను. అందరూ మెచ్చుకున్నారు. అయిపోయాక పిల్లలంతా ఎవరి షీటు వాళ్లు తీసుకెళ్లారు, అదొక్కటీ గోడకే ఉండిపోయింది. పిలిచి అడిగితే తలొంచుకుని చెప్పాడు: ‘అది గంప కాదు టీచర్, బకెట్. రాత్రి మంటలకి అమ్మ చేతులు నీళ్లలో పెట్టుకుంటది.’ సైన్స్ టీచర్ మీరు, నీళ్లలో చేతులు పెద్దగా ఎందుకు కనిపిస్తాయో మీకు నేను చెప్పక్కర్లేదు. వాడు కళ్లతో చూసింది చూసినట్టు వేశాడు. నేనే చెరిపేశాను. ఆ తర్వాత పిల్లల షీటు మీద నేను పెన్సిల్ పెట్టలేదు. ఏదైనా చూపించాలంటే వేరే కాగితం మీద చూపించేదాన్ని.

తగిలించే పని గురించి కూడా రెండు ముక్కలు. సున్నం గోడకి డబుల్ సైడ్ టేపు వద్దు, మధ్యాహ్నానికి పెచ్చుతో సహా ఊడొస్తుంది. పురికొస తాడు కట్టి బట్టల క్లిప్పులు పెట్టండి, కింద రెండు మూలలకీ క్లిప్పు ఉంటే ఫ్యాను గాలికి ఎగరవు. బొమ్మ మధ్యభాగం నేల నుంచి సుమారు 145 సెంటీమీటర్ల ఎత్తులో ఉంటే పెద్దవాళ్లకీ పిల్లలకీ మెడనొప్పి ఉండదు. ఆయిల్ పేస్టల్స్‌తో వేసినవి ఒకదాని మీద ఒకటి పెట్టకండి, మన ఎండకి మెత్తబడి రంగంతా పై షీటుకి అంటుకుంటుంది. మధ్యలో బటర్ పేపర్ పెట్టండి. స్కెచ్ పెన్ బొమ్మలు కిటికీ ఎండ తగిలే చోట వద్దు, త్వరగా వెలిసిపోతాయి.

ప్రదర్శనకి ఇంకా రెండు వారాలుందన్నారు కదా, ఆ రెండో షీటు ఇంటికి మాత్రం ఇవ్వకండి. ఇంటికిస్తే అక్కలూ బాబాయిలూ కూర్చుని వేసేస్తారు. రెండు పీరియడ్లు అడిగి తీసుకుని, ఎవరింట్లోంచి వాళ్లని ఒక వస్తువు తెచ్చుకోమని, మీ ల్యాబ్ బల్లల మీదే వేయించండి. మిక్సీ అయితే ఎవరూ మోసుకురారు, చెప్పులో, గరిటో, తాళంకప్పో తెస్తారు. అవి చాలు.