మంచి సైట్ తెరిచినా వైరస్ ఎలా ఎక్కుతోంది? నెట్ సెంటర్ సిస్టమ్‌లను కాపాడుకునేదెలా?

అన్నా, చిత్తూరులో మీ నెట్ సెంటర్‌లో కాలేజీ సైట్ తెరిచినా "బ్రౌజర్ అప్‌డేట్ చేయండి" అని వస్తోందని, యాంటీవైరస్ ఉన్నా ఏదో ఒకటి ఎక్కుతోందని అడిగారు. నాది తిరుపతిలో యూనివర్సిటీ దగ్గర జిరాక్స్, నెట్ షాపు. దర్శనం టికెట్లు, ఈఏపీసెట్ అప్లికేషన్లు, హాల్‌టికెట్లు అంటూ కస్టమర్ ఏ సైట్ చెబితే అది తెరవాల్సిందే. "చెత్త సైట్ల జోలికి పోవద్దు" అనే సలహా మనకు అక్కరకు రాదు.

ఆ సైట్ నిజమైనదే అయ్యుంటుంది. చాలా సైట్లను వర్డ్‌ప్రెస్ అనే సాఫ్ట్‌వేర్‌తో కడతారు. దాని ప్లగిన్‌లు, అంటే అదనంగా తగిలించే చిన్న ప్రోగ్రాములు, అప్‌డేట్ చేయకుండా వదిలేస్తే ఎవడో దూరి నాలుగు లైన్ల జావాస్క్రిప్ట్ (బ్రౌజర్‌లో నడిచే కోడ్) పెట్టిపోతాడు. ఆ దొంగ "అప్‌డేట్" మెసేజ్ చూపించేది అదే. గూగుల్‌లో వెతికి మొదటిసారి వచ్చినవాళ్లకే కనిపించేలా రాసిన కోడ్ కూడా ఉంది. మీరు మళ్లీ తెరిస్తే ఏమీ ఉండదు. పాపం, కస్టమరే ఏదో నొక్కి ఉంటాడనుకుంటాం.

నాకు ఎక్కువ టెన్షన్ "నేను రోబోను కాదు" అనే దొంగ పెట్టెతో. దాన్ని నొక్కగానే ఒక కమాండ్, అంటే కంప్యూటర్‌కు ఇచ్చే ఆదేశం, మనకు తెలియకుండానే కాపీ అవుతుంది. తర్వాత విండోస్ కీ, ఆర్ కలిపి నొక్కమంటుంది (కమాండ్‌లు నడిపే "రన్" పెట్టె తెరుచుకుంటుంది), కంట్రోల్ వి కొట్టమంటుంది, ఎంటర్ అంటుంది. మన చేత్తో మనమే నడిపిస్తున్నాం కాబట్టి బ్రౌజర్ అడ్డుపడదు, యాంటీవైరస్ కూడా చాలాసార్లు ఆలస్యంగా మేలుకుంటుంది. మనిషో కాదో చూసే అసలైన పరీక్ష, క్యాప్చా, ఏదీ కీబోర్డుతో రన్ తెరవమనదు. మా షాపులో కూర్చునే పిల్లలకు ముందు నేర్పింది ఇదే. మీది విండోస్ ప్రో అయితే గ్రూప్ పాలసీ అనే సెట్టింగ్స్‌లో రన్ మెనూనే తీసేయొచ్చు.

కస్టమర్ సిస్టమ్‌లలో అడ్మిన్ అకౌంట్ వద్దు, స్టాండర్డ్ చాలు. క్రోమ్‌ను గెస్ట్ మోడ్‌లోనే ఇవ్వండి. విండో మూయగానే లాగిన్‌లు, కుకీలు (లాగిన్ అయి ఉన్నామని సైట్ గుర్తుపెట్టుకునే చిన్న ఫైళ్లు) పోతాయి, తర్వాత దొంగ కోడ్ ఎక్కినా అందులో దోచడానికి పాస్‌వర్డ్‌లు ఉండవు. గెస్ట్‌లో యాడ్ బ్లాకర్లు పనిచేయవు. అందుకే రౌటర్‌లో డీఎన్‌ఎస్ (సైట్ పేరును దాని నంబర్ అడ్రస్‌గా మార్చే సర్వీసు) 9.9.9.9 పెట్టాను. అది క్వాడ్9 వాళ్లది, ఉచితం. ప్రమాదమని గుర్తించిన డొమైన్‌లను, అంటే సైట్ అడ్రస్‌లను, ముందే ఆపేస్తుంది, అన్నిటినీ కాదనుకోండి.

విండోస్ 7 ఉంటే తీసేయండి. దానికి క్రోమ్ 109వ వెర్షన్‌తోనే ఆగిపోయింది. విండోస్ 10కి కూడా మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో అయిపోయింది. 2017 మేలో ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగే వాన్నాక్రై వైరస్ మన చిత్తూరు జిల్లా పోలీసు కంప్యూటర్లనూ తాకింది. అది సైట్ల ద్వారా వచ్చింది కాదు గానీ, దాన్ని ఆపే ప్యాచ్‌ను (లోపం సరిచేసే అప్‌డేట్) మైక్రోసాఫ్ట్ మార్చిలోనే ఇచ్చేసింది. అందుకే అప్‌డేట్లు రాని విండోస్ వద్దంటున్నా.

ఎవరైనా ఆ దొంగ పెట్టె చెప్పిన కమాండ్ నడిపేసి ఉంటే వెంటనే నెట్ కేబుల్ పీకండి. పాస్‌వర్డ్‌లు ఆ సిస్టమ్‌లో కాకుండా ఫోన్‌లో మార్చి, అన్ని డివైజ్‌ల నుంచి లాగౌట్ కొట్టండి. కుకీ దొంగ చేతిలో ఉంటే ఓటీపీ అడగకుండానే లోపలికి పోతాడు. తర్వాత విండోస్ కొత్తగా వేయండి, స్కాన్ చేసి సరిపెట్టుకోవద్దు. డబ్బు పోతే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.