మిథైల్‌ఫెనిడేట్ వాడుతుంటే పళ్లు పాడవుతాయా?

బెంగళూరు మారతహళ్లిలో ఉంటూ ఏడీహెచ్‌డీకి (ఏకాగ్రత కుదరని సమస్యకు) మిథైల్‌ఫెనిడేట్ వేసుకుంటున్నానని, మధ్యాహ్నానికల్లా నాలుక పిడచగట్టుకుపోతోందని, పళ్లు పాడవుతాయేమోనని అడిగారు. మాత్ర నేరుగా పళ్లను తినేయదండీ. లాలాజలం తగ్గడమే అసలు గొడవ. తిన్న ప్రతిసారీ నోట్లో పుట్టే ఆమ్లాన్ని విరిచేది అదే. నోట్లో పీహెచ్ (ఆమ్లత కొలత, ఎంత తగ్గితే అంత పులుపు) సుమారు 5.5 కంటే దిగితే ఎనామిల్, అంటే పంటి గట్టి పైపొర, కరగడం మొదలవుతుంది. నోరెండుతోంది కదా అని ఆఫీసులో చక్కెర కాఫీయో, కూల్‌డ్రింకో గంటల తరబడి చప్పరిస్తూ కూర్చుంటే ఆ ఆమ్లం తగ్గే వ్యవధే దొరకదు. తాగేదేదో ఒక్కసారి తాగేసి నీళ్లు పుక్కిలించడం నయం. దాహానికి మంచినీళ్లే. చక్కెర లేని జైలిటాల్ చూయింగ్ గమ్ నమిలితే లాలాజలం ఊరుతుంది, దవడ నొప్పి ఉంటే మాత్రం వద్దు.

రాత్రి ఫ్లోరైడ్ పేస్టుతో తోముకున్నాక నురగ ఉమ్మేయండి, అంతే. పుక్కిలించకండి. మనకది అలవాటు లేదు, మొదట్లో ఎబ్బెట్టుగానే ఉంటుంది. పొద్దున లేవగానే దవడ పట్టేసినట్టుంటే నిద్రలో పళ్లు నూరుతున్నారేమో చూపించుకోండి, డెంటిస్టు నైట్‌గార్డ్ (రాత్రి పళ్లకు పెట్టుకునే తొడుగు) చేసిస్తారు. డెంటిస్టుకు మందు పేరు దాచకుండా చెప్పండి. డోసు మాత్రం సైకియాట్రిస్టును అడగకుండా మార్చకండి. ప్రైవేటు ఖర్చు భారమైతే విక్టోరియా ఆసుపత్రి ఆవరణలో ప్రభుత్వ దంత కళాశాల ఉంది.