బంగారు పలకల కింద వెండి దిమ్మలు ఎందుకు?

ప్రత్యక్ష గుడారంలో (ఇశ్రాయేలీయులు అరణ్యంలో దేవుణ్ణి ఆరాధించిన గుడారంలో) పలకలకు బంగారు రేకు పొదిగి, వాటిని నిలబెట్టే దిమ్మలు మాత్రం వెండితో ఎందుకు చేశారని మీ పాఠం కోసం అడిగారు కదా, బైబిల్లోని నిర్గమకాండము 26వ అధ్యాయం ఒక్కటే చూస్తే ఇది తేలదు.

1. ముందు 30:11-16 చదవండి. ఇరవై ఏళ్లు, ఆపై వయసున్న ప్రతి మగవాడూ ప్రాణపరిక్రయ ధనంగా, అంటే ప్రాణానికి విమోచన వెలగా, అర తులం వెండి ఇవ్వాలి. ధనవంతుడు ఎక్కువ ఇవ్వకూడదు, పేదవాడు తక్కువ ఇవ్వకూడదు.

2. తర్వాత 38:25-28. అంకెలే కదా అని చాలామంది దాటేసేది ఇక్కడే. 6,03,550 మంది ఇచ్చిన ఆ వెండిలో 100 తలాంతులు (తలాంతు అప్పటి పెద్ద తూకం) పోతపోసి 100 దిమ్మలు చేశారు: 48 పలకలకు రెండేసి, లోపలి అడ్డతెర స్తంభాలకు 4.

అంటే పరిశుద్ధ స్థలం పలకలూ అడ్డతెర స్తంభాలూ నిలబడింది విమోచన వెల మీదే! బంగారానికి రకరకాల అర్థాలు చెప్తారు గానీ, వెండి సంగతి వాక్యంలోనే లెక్కతో సహా ఉంది. పాఠం అక్కడి నుంచే మొదలుపెట్టండి.