కన్నీటి కవితకు సవరణ చెప్పవచ్చా?

ప్రశ్న: చెన్నైలోని తెలుగువాళ్లం కొందరం నెలకొక ఆదివారం టి.నగర్‌లో మా ఇంట్లో కలుసుకుని, రాసుకున్న చిన్న కవితలు చదువుకుంటాము. ఈసారి కరోనా రోజుల మీద రాసినవి తెచ్చుకోవాలనుకున్నాము. 2021 మే నెలలో తండ్రిని పోగొట్టుకున్న ఒక అమ్మాయి రెండు కవితలు చదివింది. మొదటిది:

కంటికి కనిపించని శత్రువు
మా ఇంటి దీపాన్ని ఆర్పేసింది
నాన్నా, నువ్వు లేని లోకం
శూన్యం శూన్యం శూన్యం

రెండవది:

వేలికి క్లిప్పు
ఎనభై ఎనిమిది
నాన్న అడిగాడు
పాసయ్యానా?

మొదటిదానికి అందరూ కళ్లు తుడుచుకున్నారు. రెండవదానికి ఎవరూ ఏమీ అనలేదు. ఒక పెద్దాయన మాత్రం, ప్రాణం మీదికి వచ్చిన వేళ ఈ చమత్కారం ఎందుకమ్మా అన్నారు. ఆ అమ్మాయి కాగితాలు మడిచి సంచిలో పెట్టేసుకుంది. నాకు రెండవదే నచ్చింది గాని, చెప్పడానికి నోరు రాలేదు. అంత దుఃఖంలో రాసినదానిలో మంచిచెడ్డలు ఎంచడం తగునా?
(ఒక పాఠకురాలు, టి.నగర్, చెన్నై)

సమాధానం: తగునమ్మా. మీకు రెండవది నచ్చిందన్న సంగతి ఆ అమ్మాయికి వెంటనే చెప్పండి, వచ్చే నెల దాకా ఆగవద్దు. ఆమె దుఃఖం ఎంతటిదో తూచే అధికారం ఎవరికీ లేదు. కాని పదిమంది ఎదుట చదివిన నాలుగు పంక్తులలో ఏ మాట ఆ తండ్రిని మన ముందు నిలబెడుతున్నదో, ఏ మాట ఆయనను కప్పివేస్తున్నదో చెప్పడం ఆమె దుఃఖాన్ని తూచడం కాదు, ఆమె చేస్తున్న పనిలో ఒక చేయి వేయడం.

మొదటి కవితలో ఆయన కనిపించరు. ‘కంటికి కనిపించని శత్రువు’ అన్న మాట 2020 నుంచి ప్రసంగాలలోను, పత్రికలలోను, టీవీ చర్చలలోను విని విని అరిగిపోయింది. ‘ఇంటి దీపం’ అంతకు ఎంతో ముందు నుంచే సంతాప సభలలో నలుగుతున్నది. ఆ పంక్తులను ఏ ఇంటి తండ్రికైనా అన్వయించవచ్చు, తల్లికి మార్చాలన్నా ఒక్క సంబోధన మారిస్తే సరిపోతుంది. ఆనాడు అందరి కళ్లు తడిసింది చదువుతున్న బిడ్డ గొంతు విని అని నా నమ్మకం. ఆ గొంతు తోడు లేకుండా, ఆమెను ఎరుగని పాఠకుడు ఏ పత్రికలోనో చదివితే, సానుభూతితో తల ఊపి పుట తిప్పేస్తాడు.

ముమ్మారు అన్న ‘శూన్యం’ గురించి కూడా ఒక మాట. పునరుక్తి తప్పని నేను అనను. జపాను హైకూ కవి ఇస్సా 1819లో మశూచితో పసికూతురిని పోగొట్టుకుని రాసిన కవిత చాలామందికి తెలిసే ఉంటుంది. ఈ లోకం మంచుబొట్టు లాంటిదేనని తన బౌద్ధ ధర్మం చెప్పిన మాటను ఆయన ఒప్పుకుంటాడు, అదే మాటను మళ్లీ అంటూ ‘అయినప్పటికీ’ అని ఆగిపోతాడు. అక్కడ రెండవసారి వచ్చిన మాట మొదటిసారి వచ్చినదానితో తలపడుతున్నది, ఒప్పుకున్న తండ్రి ఒప్పుకోలేకపోవడం ఆ తిరిగి అనడంలోనే తెలుస్తున్నది. మన కవితలో మూడవ శూన్యం మొదటిదాని కంటే ఏమీ ఎక్కువ చెప్పడం లేదు.

ఇక రెండవ కవిత. ఆ క్లిప్పు వేలికి తగిలించి రక్తంలోని ఆక్సిజన్ శాతం చూసే ఆక్సిమీటరు. ఆరోగ్యంగా ఉన్నవారి రక్తంలో ఆక్సిజన్ సాధారణంగా 95 నుంచి 100 శాతం దాకా ఉంటుంది, 90 కంటే తగ్గితే జబ్బు తీవ్రమైనట్లు ఆ రోజుల్లో వైద్యులు లెక్కించేవారు. బడిలోనేమో 35 మార్కులు వస్తే గట్టెక్కినట్టే, 88 వస్తే ఇరుగుపొరుగుకు మిఠాయి పంచుతారు. ఒకే అంకె ఒకచోట పండుగ, మరొకచోట అంబులెన్సు కోసం ఫోను పట్టుకుని పరుగు. ఈ రెంటి నడుమ ఉన్న దూరమంతా కూతురికి తెలుసు. తండ్రికి కూడా తెలిసే ఉంటుంది, తెలిసీ బిడ్డ భయం తగ్గించడానికి అలా అడిగి ఉంటాడు. ఆ పెద్దాయనకు నా మనవి ఏమిటంటే, ఆ చమత్కారం కవయిత్రిది కాదు, తండ్రిది. అంతటి ఆయాసంలోనూ ఆయన బిడ్డ కోసం వెతుక్కున్న మాట అది. ఆమె దానిని చెరపకుండా మనకు అందించింది, పక్కన ‘అయ్యో’ అని కూడా రాయలేదు. ఆ నిగ్రహానికి నేను నమస్కరిస్తున్నాను.

ఆచార్య ఎన్. గోపి గారు 1997లో ప్రవేశపెట్టిన నానీ ప్రక్రియలో నాలుగు పాదాలు, మొత్తం 20 నుంచి 25 అక్షరాలు ఉంటాయి. మొదటి రెండు పాదాలలో ఒక అంశం, చివరి రెంటిలో మరొకటి వస్తాయి. ఈ కవితలో అక్షరాలు 22, అంకె ఒక సగంలో, ప్రశ్న మరొక సగంలో ఉన్నాయి. ఆమె లెక్క చూసుకుని రాసిందో, చేయి తిరిగి అలా వచ్చిందో గాని, ప్రక్రియ ఇక్కడ భావానికి ఒదిగింది. ‘ఆక్సిమీటరు’ అనకుండా ఇళ్లలో అందరూ అన్నట్టు ‘క్లిప్పు’ అనడం కూడా సరైన ఎంపిక. నేను చెప్పే సవరణ ఒక్కటే, కవిత కింద ‘చెన్నై, మే 2021’ అని వేయమనండి. ఇరవై ఏళ్ల తరువాత చదివేవారికి వేలికి క్లిప్పు ఎందుకో, ఆ అంకె దేనిదో తెలియకపోవచ్చు. ఆ చిన్న గుర్తు ఉంటే కవితలో ఒక్క అక్షరమైనా పెంచకుండా సంగతి అందుతుంది.

మీ సమావేశాల గురించి కూడా చెబుతాను. చదవబోయే ముందు ‘అభిప్రాయాలు కావాలా, విని ఊరుకోమంటావా’ అని కవినే అడగండి, ఊరుకోమంటే ఊరుకోండి. మాట్లాడేటప్పుడు ‘నువ్వు’ అనకుండా ‘కవితలోని కూతురు’ అని మాట్లాడితే ఆమె కాస్త ఎడంగా నిలబడి వినగలుగుతుంది. ఏ ఆసుపత్రి, ఎన్నాళ్లున్నారు, ఆఖరిచూపు దక్కిందా వంటి ప్రశ్నలు కవితా చర్చలో అసలు రానివ్వవద్దు.

ప్రశ్న: దేవుడి దయవల్ల మా ఇంట్లో ఎవరికీ ఏమీ కాలేదు. నడిచి వెళ్లిన వలసకూలీల మీద నేను కవితలు రాస్తే, ‘నీకేం తెలుసు’ అన్నారు. రాసే హక్కు నాకు లేదా?
(ఒక పాఠకుడు, వేళచ్చేరి, చెన్నై)

సమాధానం: హక్కు ఉన్నది బాబూ. మీరు పంపిన కవితలో చిక్కు మరొకటి. కాళ్లు బొబ్బలెక్కిన కూలీ ‘నేను’ అంటూ మాట్లాడుతున్నాడు, కాని ఆ మాటలన్నీ టీవీ తెర మీద చూసినవే. 2020 మార్చి 25న దేశమంతా లాక్‌డౌన్ మొదలైనప్పుడు మీరు ఎక్కడ నిలబడి ఉన్నారో అక్కడి నుంచే రాయండి. సరుకులున్న ఇంట్లో కూర్చుని ఆ నడకను చూసినవాడి కలవరాన్ని మీకంటే బాగా ఎవరు రాయగలరు?

ప్రశ్న: కరోనా తగ్గాక కూడా నాకు చాలాకాలం ఆయాసం, దగ్గు వదలలేదు. కఫం, మాత్రలు, కబసుర కుడినీరు కషాయం, ఇవన్నీ కవితల్లో పెడితే మా వారు ‘ఇవా కవిత్వం’ అంటున్నారు. తీసేయనా?
(ఒక గృహిణి, పెరంబూరు, చెన్నై)

సమాధానం: తీయవద్దమ్మా. జపాను కవి మసావోకా షికి క్షయతో ఏళ్ల తరబడి మంచం పట్టి, 1902 సెప్టెంబరు 19న, 34 ఏళ్ల వయసులో కన్నుమూశారు. చనిపోవడానికి ముందురోజు ఆయన రాసిన చివరి మూడు హైకూలలోనూ పెరటిలోని నేతిబీర పాదు ఉన్నది, వాటిలో రెంటిలో కఫం కూడా ఉన్నది. ఆ తీగ రసం కఫానికి మందని అక్కడివారి నమ్మకం. కళ్ల ముందున్నదానిని ఉన్నట్టు రాయాలని జీవితమంతా చెప్పిన కవి, తన జబ్బునూ అలాగే చూశారు.

మీ కవితల్లో కుడినీరు చేదు చెప్పిన పంక్తి నాకు ఎంతో నచ్చింది. చెన్నై ఇళ్లు ఆ రోజుల్లో ఎలా ఉండేవో అందులో తెలుస్తున్నది. దాని తరువాత వచ్చిన ‘జీవితమే ఒక చేదు కషాయం’ అన్న పంక్తిని కొట్టేయండి. ఆ చేదును పాఠకుడు అప్పటికే రుచి చూసి ఉంటాడు.

ప్రశ్న: చనిపోయిన మా పెద్దమ్మ మీద రాసిన కవితను పత్రికకు పంపాలనుకుంటున్నాను. ఆమె పేరు వేయవచ్చా?
(ఒక పాఠకుడు, విల్లివాక్కం, చెన్నై)

సమాధానం: ముందుగా ఆమె పిల్లలకు కవిత చదివి వినిపించి, వారి అనుమతి అడగండి. వారిలో ఒక్కరు వద్దన్నా పేరు తీసేసి ‘పెద్దమ్మ’ అనే ఉంచండి. అప్పుడు కూడా ఏదైనా పంక్తి వారికి కష్టం కలిగిస్తే, అది ఎంత మంచి పంక్తి అయినా, అచ్చుకు పంపే ప్రతిలో వద్దు.